తోలు బ్యాగుకు కొత్త రంగు: డై ఎక్కడ ఇంకుతుంది, పెయింట్ ఎక్కడ నిలుస్తుంది

పాత బ్యాగుకు ఇంట్లో రంగు వేసినవాళ్ల ఫిర్యాదులు ముఖ్యంగా రెండు రకాలు. నల్ల డై పూశాం, ఆరింది, భుజానికి తగిలించుకుంటే బట్టలకు అంటింది అనేది ఒకటి. పెయింట్ వేసినప్పుడు కొత్తదానిలాగే ఉంది, నెల తిరక్కుండా హ్యాండిల్ దగ్గర పొట్టులా లేచింది అనేది రెండోది. సీసాలోని సరుకు రెండుసార్లూ మంచిదే అయి ఉండవచ్చు. తేడా వచ్చింది దాన్ని వేసిన చోట. దుకాణాల్లో దొరికే తోలు హ్యాండ్‌బ్యాగుల్లో చాలావాటి మీద వేలికి తగిలేది తోలు కాదు, దాని మీద ఫ్యాక్టరీలో వేసిన సన్నని ప్లాస్టిక్ లాంటి పొర. ఆ పొర సంగతి తేల్చుకున్నాకే రంగు గురించి ఆలోచించాలి.

డైకీ పెయింట్‌కీ మధ్య గోరింటాకుకీ నెయిల్ పాలిష్‌కీ ఉన్నంత తేడా ఉంది. డైలో రంగు ద్రవంలో పూర్తిగా కరిగి ఉంటుంది. అది తోలు నారల్లోకి దిగి వాటినే పట్టుకుంటుంది. పైన పొరంటూ ఏమీ మిగలదు, మిగలకూడదు. పెయింట్‌లో రంగు కరగదు, సన్నని రేణువులుగా తేలుతూ ఉంటుంది. ఆ రేణువులను అతికించి ఉంచేది అక్రిలిక్ లేదా పాలీయురేథేన్ బైండర్. నీరు ఆవిరయ్యాక అది సాగే పొరగా గట్టిపడుతుంది. అంటే డైకి లోపలికి దిగే దారి కావాలి, పెయింట్‌కి పైన పట్టు కావాలి. పూత ఉన్న తోలు మీద డై పోస్తే దారి దొరక్క పైనే ఆరిపోయి బట్టలకు అంటుతుంది. నూనె, మైనం ఉన్న తోలు మీద పెయింట్ వేస్తే పట్టు దొరక్క పొట్టులా లేస్తుంది.

ముందు పైపొరను పరీక్షించాలి

బ్యాగు అడుగునో, ఫ్లాప్ లోపలివైపో, కనబడని చోట ఒక నీటిచుక్క వేయండి. ఒకటి రెండు నిమిషాల్లో ఇంకి ఆ చోటు ముదురుగా మారితే అది అనిలైన్ తోలు. దానికి డై తప్ప పైన రంగు పూత ఉండదు. చుక్క గుండ్రంగా నిలబడితే పూత ఉన్నట్టు, లేదా మైనం బాగా పట్టించినట్టు. ఈ రెండింటిలో ఏదో తేలాలంటే గోటితో మెల్లగా గీయండి. మైనం, నూనె దండిగా పట్టించిన తోలైతే గీత లేతరంగులో పడి, వేలితో రుద్దగానే మాయమవుతుంది. ఇలాంటి తోలుకు పెయింట్ ఆలోచన మానుకోవడమే నయం. పైన ఎంత తుడిచినా లోపలి మైనం పైకి వస్తూనే ఉంటుంది.

రెండో పరీక్ష అసిటోన్‌తో. నెయిల్ పాలిష్ రిమూవర్ వద్దు, దాంట్లో నూనెలు, సువాసనలు కలిసి ఉంటాయి. శుద్ధమైన అసిటోన్‌లో దూదిపుల్ల ముంచి అదే చాటు చోట ఐదారుసార్లు రుద్దండి. రంగు దూదికి వచ్చి కింద తోలు మసకగా, గరుకుగా బయటపడితే కరిగే రకం పూత ఉన్నట్టు, దాన్ని తీసేయవచ్చు. ఎంత రుద్దినా ఏమీ రాకపోతే అది రసాయనికంగా గట్టిపరిచిన పాలీయురేథేన్ పూత. అసిటోన్ దాన్ని కరిగించలేదు, ఉప్పుకాగితంతో గరుకు చేయాల్సిందే. ఉపరితలం జిగటగా కరిగి, కింద గుడ్డ అల్లిక కనబడిందంటే అది తోలే కాదు, రెగ్జిన్.

మూడో ఆనవాలు కోసిన అంచు. పట్టీకి ఉన్న రంధ్రం లోపలికి చూడండి. మధ్యభాగం నీలం కలిసిన బూడిదరంగులో ఉంటే క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు. లేత గోధుమరంగులో ఉంటే చెట్టుబెరడు లాంటి వాటితో పదును చేసింది అయి ఉండవచ్చు. లోపలిదాకా రంగెక్కించిన తోలులో ఈ తేడా తెలియదు. దీన్ని పట్టించుకోవడానికి కారణం వేడి. తడిసిన తోలును వేడి చేస్తే ఒక స్థాయి దాటాక నారలు ముడుచుకుపోయి గట్టిపడతాయి, మళ్లీ మామూలు కావు. క్రోమ్ తోలు దాదాపు 100 డిగ్రీల సెల్సియస్ దాకా ఓర్చుకుంటే, బెరడు తోలు 70–80 డిగ్రీలకే ముడుచుకోవచ్చు. హెయిర్ డ్రయర్ దగ్గరగా పెట్టి తొందరపడేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన అంకె ఇది.

స్వేడ్, నూబక్ లాంటి నూగు తోళ్లకు డై ఒక్కటే దారి. పెయింట్ వేస్తే నూగంతా అట్టకట్టి చెప్పు అడుగులా తయారవుతుంది.

డై చేయగలిగింది, చేయలేనిది

డై పారదర్శకం. కింద ఉన్న రంగు మీద తన రంగును కలుపుతుందే గాని దాన్ని కప్పదు. పసుపు బ్యాగుకు నీలం డై వేస్తే ఆకుపచ్చ వస్తుంది. ఎర్రదానికి ఆకుపచ్చ వేస్తే మట్టిరంగు గోధుమ వస్తుంది. ముదురు నుంచి లేతకు వెళ్లడం డైతో కుదరదు. బ్లీచింగ్ ద్రావణంతో ముందు రంగు పోగొడదామనే ఆలోచన అంతకంటే చేటు. దాంట్లోని హైపోక్లోరైట్ రంగుతోపాటు తోలులోని ప్రోటీన్‌ను కూడా తినేస్తుంది, తోలు పెళుసుబారి చిరుగుతుంది. గోధుమ నుంచి నలుపుకు, లేత తేనెరంగు నుంచి ముదురు చాక్లెట్‌కు, ఎరుపు నుంచి మెరూన్‌కు: డై బాగా చేసే పనులు ఇలాంటివి.

ఆల్కహాల్ ఆధారిత డై వేగంగా లోతుకు దిగుతుంది. ఆ వేగమే దాని చిక్కు కూడా. ఒక గీత ఆరిపోయాక పక్కన రెండో గీత గీస్తే అవి కలిసిన చోట ముదురు చార పడుతుంది. నీటి డై నెమ్మది, చారలు తక్కువ. కానీ పైపూత (రంగు మీద చివర్లో వేసే రక్షణ పొర) లేకపోతే తడి తగిలినప్పుడు రంగు వదిలే అవకాశం ఎక్కువ. ఏది వాడినా మొదటి పూతను సగానికి సగం పలుచన చేయండి, ఆల్కహాల్ డైని దాని థిన్నర్‌తో, నీటి డైని నీటితో. ఊలు ఉండతో గాని పాత నూలు గుడ్డతో గాని చిన్న చుట్లు తిప్పుతూ పూయాలి. ఒక ప్యానెల్ మొదలుపెడితే కుట్టు నుంచి కుట్టు దాకా ఆపకుండా పూర్తిచేయాలి, మధ్యలో ఫోన్ మోగినా సరే. మొదటి పూత మచ్చలమచ్చలుగానే ఉంటుంది. రెండు మూడు పూతలకు సమానమవుతుంది.

తర్వాతి మెట్టును చాలామంది వదిలేస్తారు. 24 గంటలు ఆరనిచ్చి తెల్లటి పొడిగుడ్డతో గట్టిగా రుద్దాలి. గుడ్డకు రంగు అంటుతూ ఉంటే ఇంకో గుడ్డ, ఇంకో గుడ్డ. నారలు పట్టుకోగలిగినదానికంటే ఎక్కువైన రంగు పైన పొడిలా నిలిచి ఉంటుంది. నలుపు, ముదురు నీలం డైలలో ఈ మిగులు రాగి కలిసిన ఆకుపచ్చ నిగనిగలా కూడా కనిపిస్తుంది. అది డై లోపం కాదు, మోతాదు మించిందని గుర్తు. పొడిగుడ్డకు లొంగకపోతే గుడ్డను ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపి ఒక్కసారి తుడిస్తే పోతుంది. ఈ మిగులును తీయకుండా పైపూతతో మూసేద్దామనుకుంటే, పైపూతలోని నీరు దాన్ని కరిగించి చారలుగా లాగుతుంది.

ఆల్కహాల్ తోలులోని కొవ్వును కొంత లాగేస్తుంది కాబట్టి డై తర్వాత తోలు బిరుసెక్కుతుంది. రుద్దడం పూర్తయ్యాక లెదర్ కండిషనర్ పలుచగా ఒక్కసారి పట్టించి, ఒక రోజు వదిలి, ఆ తర్వాతే పైపూత వేయాలి.

పెయింట్ పొర వంగాలి

బొమ్మలు వేసుకునే మామూలు అక్రిలిక్ రంగు తోలుకూ అంటుకుంటుంది. కానీ ఆరాక దాని బైండర్ గట్టిగా ఉంటుంది. గోడ మీదో కాన్వాసు మీదో అది ఇబ్బంది కాదు. రోజుకు పదుల సార్లు మడతపడే ఫ్లాప్ మీద మాత్రం సన్నని నెర్రెలు పడుతుంది. లెదర్ పెయింట్‌లో బైండర్‌ను మెత్తగా, సాగేలా ఎంచుకుంటారు, డబ్బు పెడుతున్నది ఆ గుణానికే. స్ప్రే డబ్బాల్లో వచ్చే, లోహానికి వేసే రంగుల సంగతి చెప్పక్కర్లేదు, తోలు మీద అవి పెంకులా విరుగుతాయి.

అన్ని రంగులూ ఒకేలా కప్పవు. తెలుపులోని టైటానియం డయాక్సైడ్, నలుపులోని కార్బన్, గోధుమ రంగుల్లోని ఇనుప ఆక్సైడ్ బాగా కప్పుతాయి. నిమ్మపసుపు, నారింజ, గులాబీ, మెరిసే ఎరుపు బలహీనం. నల్ల బ్యాగును పసుపు చేయాలని నేరుగా పసుపు వేసుకుంటూ పోతే ఎనిమిది పూతలైనా మురికి ఆకుపచ్చ ఛాయ పోకపోవచ్చు, ఆ మందానికి మడతల్లో పగులు ఖాయం. ముందు లేత బూడిద లేదా క్రీమ్ రంగు రెండు పూతలు వేసి, దాని మీద పసుపు వేస్తే నాలుగైదింటితో సరిపోతుంది. అయినా ముదురు బ్యాగును లేతగా మార్చడం మంచి బేరం కాదు. మూలల్లో కాస్త అరిగితే చాలు, కింది నలుపు చుక్కలుగా బయటికొస్తుంది. ఉన్న రంగుకు దగ్గరగానో, రెండు మెట్లు ముదురుగానో మార్చినప్పుడు అరుగుదల కనబడదు, బ్యాగు ఎక్కువకాలం పరువు నిలుపుతుంది.

ఎంత కొనాలి? 30 సెంటీమీటర్ల వెడల్పు, 25 ఎత్తు, 12 లోతు ఉన్న బ్యాగుకు ముందూ వెనకా కలిపి 1500 చదరపు సెంటీమీటర్లు, పక్కలు 600, అడుగు 360. హ్యాండిల్, ఫ్లాప్ కలుపుకుంటే సుమారు 3000, అంటే 0.3 చదరపు మీటర్లు. స్పాంజితో పలుచగా వేసే పూతకు దాదాపు 15–20 మిల్లీలీటర్లు పడుతుంది. ఐదు పూతలకు 75–100. రెండు మూడు రంగులు కలిపి సొంత ఛాయ తయారుచేస్తుంటే మొత్తం 120 మిల్లీలీటర్లు ఒకేసారి కలిపి గాజుసీసాలో మూత బిగించి పెట్టుకోండి. సగంలో అయిపోతే అదే ఛాయ మళ్లీ కలపడం అనుభవజ్ఞులకూ కష్టమే. సీసాలో తడిగా ఉన్నప్పుడు కనిపించే రంగును నమ్మకండి. అక్రిలిక్ ఆరాక ముదురుతుంది. చాటు చోట ఒక చుక్క వేసి, ఆరబెట్టి, పగటి వెలుతురులో చూసి నిర్ణయించుకోవాలి.

పట్టు పుట్టించడం: అసలు శ్రమ ఇక్కడే

మొదట బ్యాగు ఖాళీ చేసి, అస్తరు బయటికి లాగి దులిపి, తోలును సబ్బునురుగుతో తుడవండి. నీళ్లు కారకూడదు, నురుగు మాత్రమే తగలాలి. తడిగుడ్డతో సబ్బు తీసేసి ఒక రాత్రంతా నీడన ఆరనివ్వండి. తోలు ఎండిపోయి గీతలు బారి ఉంటే కండిషనర్ ఈ దశలోనే పట్టించి వారం ఆగాలి. పెయింట్ వేశాక పట్టించిన కండిషనర్ లోపలికి దిగదు, పెయింట్‌కి ముందురోజు పట్టిస్తే పట్టు పోతుంది.

తర్వాత అసిటోన్ లేదా తోలు కోసమే అమ్మే డీగ్లేజర్ (పాత పూతను, నూనెను తీసే ద్రవం). నూలుగుడ్డ తడిపి ఒక్కో ప్యానెల్ తుడుస్తూ, గుడ్డ మురికి కాగానే మారుస్తూ వెళ్లాలి. ఒకే గుడ్డతో బ్యాగంతా తుడిస్తే ఒకచోటి నూనెను ఇంకోచోటికి పులిమినట్టే. పాత పాలిష్‌లలోని సిలికోన్ అన్నిటికంటే మొండిది. దాని జాడ మిగిలినచోట పెయింట్ గుండ్రని గుంటలుగా విడిపోతుంది. అలా విడిపోతే పైన ఇంకో పూత వేయకండి, తడి ఆరకముందే తుడిచేసి మళ్లీ డీగ్లేజర్ దగ్గర మొదలుపెట్టండి.

అసిటోన్ గది వేడికే మంటలంటుకునే ఆవిరి వదులుతుంది. కిటికీలు తెరిచి, పొయ్యి, దీపం, సిగరెట్ లేనిచోట వాడాలి. నీలిరంగు నైట్రైల్ గ్లవుజులను నమ్ముకోవద్దు, వాటిలోంచి అసిటోన్ కొద్ది నిమిషాల్లోనే చొచ్చుకొస్తుంది. బ్యూటైల్ రబ్బరువి మేలు.

అసిటోన్‌కు లొంగని పూతను 600 నంబరు ఉప్పుకాగితంతో మెల్లగా రుద్దాలి. మెరుపు పోయి సమానంగా మసకబారితే చాలు, రంగంతా పోగొట్టి పచ్చితోలు తేల్చక్కర్లేదు. మూలలు అరిగి నారలు లేచిన చోట 400తో నున్నచేసి, పగుళ్లుంటే లెదర్ ఫిల్లర్‌ను గోడకు లప్పం పెట్టినట్టు పలుచగా, పొరపొరగా నింపండి. ఒక్కసారే మందంగా నింపితే పైన ఆరి లోపల మెత్తగా ఉండిపోతుంది. ఆరిన ఫిల్లర్‌ను 1000తో సమం చేసి, దుమ్ము తుడిచి, చివరిసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒక్క చుట్టు తుడవండి. ఆపైన ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు.

ముదురు రంగు వేస్తున్నప్పుడు ఒక కిటుకు ఉంది. పచ్చితోలు బయటపడ్డ మూలలకు మాత్రం అదే ఛాయ డై వేసి, రుద్ది, ఆరాక పెయింట్ మొదలుపెట్టండి. రేపు మూల గీరుకుపోయినా కింద తెల్లగా మెరవదు. లేత పెయింట్ కింద మాత్రం ఈ పని చేయకండి, డై మెల్లగా పైకి ఊరి మరకలు కడుతుంది. జీన్స్ నుంచి అంటిన నీలం మరకలు, బాల్‌పెన్ సిరా కూడా ఇలాగే కొత్త తెల్లపూతలోంచి పైకి తేలతాయి. వాటిని ముందే ఆల్కహాల్‌తో వీలైనంత లాగేయాలి.

పూత మీద పూత

మొదటి పూతకు పెయింట్‌లో పదో వంతు నీరు కలిపి స్పాంజి ముక్కతో అద్దుతూ లాగండి. కింది రంగు కనబడుతూనే ఉంటుంది, అలాగే ఉండాలి. ఒక్క దెబ్బకు కప్పేద్దామని మందంగా వేస్తే పైన ఆరిపోయి లోపల తడి నిలిచిపోతుంది, బ్రష్ గీతలు పడతాయి, తోలు సహజమైన గీతలన్నీ పూడి బొమ్మల దుకాణం సరుకులా కనిపిస్తుంది. పూతకూ పూతకూ మధ్య 15–20 నిమిషాలు, గాలిలో చెమ్మ ఎక్కువైతే ఇంకా ఎక్కువ. హెయిర్ డ్రయర్‌ను గోరువెచ్చగా, ఒక జానెడు దూరంలో కదుపుతూ వాడవచ్చు. బ్యాగు ఆకారం నిలవడానికి లోపల తెల్లకాగితం గాని పాతగుడ్డలు గాని కుక్కండి. వార్తాపత్రికలు వద్దు, సిరా అస్తరుకు అంటుతుంది. మడతలను వేళ్లతో విప్పి పట్టుకుని వేయాలి. లేకపోతే మడతలో పెయింట్ మడుగు కట్టి, విప్పినప్పుడు పక్కన వేయని గీత బయటపడుతుంది.

హ్యాండిల్‌ను వేరే వస్తువులా చూడాలి. ఏళ్ల తరబడి చేతి చెమట, నూనె అందులోకి ఇంకి ఉంటాయి, మిగతా బ్యాగుకంటే ఎక్కువ వంగేదీ అదే. మిగతాచోట్ల ఒకసారి డీగ్లేజర్ తుడిస్తే ఇక్కడ మూడుసార్లు, మధ్యలో కొన్ని గంటల విరామంతో తుడవాలి. లోపలి నూనె పైకి రావడానికి అంత సమయం పడుతుంది. రంగు పూతలు ఇక్కడ ఇంకా పలుచన, పైపూత మాత్రం ఒకటి ఎక్కువ.

కోసిన అంచులకు ఫ్యాక్టరీలో వేసే మందపాటి అంచురంగు అసిటోన్ తగిలితే ఉబ్బి జిగటవుతుంది. తుడిచేటప్పుడు రెండు మిల్లీమీటర్లు ఇవతలే ఆగి, అంచును ఉప్పుకాగితంతో మాత్రమే గరుకు చేయండి. కుట్లకు వాడే పాలియెస్టర్, నైలాన్ దారం తోలు డైని సరిగా తీసుకోదు. బ్యాగు నల్లబడ్డా కుట్లు గోధుమగానే మిగులుతాయి, కొన్నిటికి అది అందంగానే ఉంటుంది. పెయింట్ దారాన్ని కప్పుతుంది గాని సూది రంధ్రాల్లో గడ్డకడుతుంది, కాబట్టి అక్కడ దాదాపు పొడిగా ఉన్న గట్టి బ్రష్ వాడాలి. దారం వేరే రంగులో ఉండాలనుకుంటే ముందు అంతా పెయింట్ వేసి, తర్వాత సన్న బ్రష్‌తో దారానికి దాని రంగు వేయడమే సులువు. డై మాత్రం ఈ రంధ్రాల గుండా అస్తరులోకి, జిప్పు గుడ్డలోకి పాకుతుంది, కుట్ల దగ్గర గుడ్డను బాగా పిండి వాడండి.

బకిళ్లకు, జిప్పుకు పలుచని జిగురున్న మాస్కింగ్ టేపు చాలు. చిన్న రివెట్లకు బొమ్మలు వేసేవాళ్లు వాడే రబ్బరు మాస్కింగ్ ద్రవం మేలు. పెట్రోలియం జెల్లీ కూడా పనిచేస్తుంది గాని తోలుకు ఒక్క పిసరు అంటినా అక్కడ పెయింట్ నిలవదు. టేపును చివరి పూత ఆరీ ఆరకముందు తీయండి. పూర్తిగా ఆరాక లాగితే పెయింట్ అంచు కూడా దాంతోపాటే వస్తుంది.

పైపూత, ఆ తర్వాతి వారం

చివరి రంగు పూత పడ్డాక ఒక రోజు ఆగి పైపూత రెండు మూడుసార్లు పలుచగా వేయాలి. మెరుపు ఎంత కావాలన్నది దీన్నిబట్టే తేలుతుంది. మెరుపు తగ్గించే రకాల్లో సన్నని సిలికా పొడి ఉంటుంది, అది అడుగున పేరుకుంటుంది. సీసాను నెమ్మదిగా తిప్పి కలపండి. గట్టిగా కుదిపితే బుడగలు పడతాయి, కలపకుండా వాడితే చివరి చుక్కలు తెల్లటి మేఘాల్లా ఆరుతాయి. డై వేసిన బ్యాగుకైతే మొదటి పైపూతను గుడ్డతో రుద్దకుండా స్ప్రే చేయడం క్షేమం.

ముట్టుకుంటే ఆరినట్టు అనిపించడం వేరు, పొర గట్టిపడటం వేరు. రెండోదానికి వారం పడుతుంది. ఈ లోపు ఫ్లాప్ మూసి పెడితే అది ముందు ప్యానెల్‌కు అతుక్కుని, తెరిచినప్పుడు ఒకదాని రంగు ఇంకోదానికి వస్తుంది. మెత్తని బైండర్లకు ఇది పుట్టుగుణం. వేడి రోజుల్లో వారం దాటాకా జరగవచ్చు. మధ్యలో నూనె పట్టని కాగితం పెట్టి వేలాడదీయండి. ప్లాస్టిక్ సంచిలో మాత్రం దాచకండి, మెత్తబరిచే రసాయనాలున్న ప్లాస్టిక్ పెయింట్‌ను పట్టుకుంటుంది. నూలుసంచి చాలు.

తోలు పరిశ్రమ పూతల వంపును ఐఎస్ఓ 5402 ప్రమాణం కింద యంత్రంతో వేలసార్లు వంచి, రాపిడిని ఐఎస్ఓ 11640 కింద తడి, పొడి ఊలు ముక్కతో రుద్ది కొలుస్తుంది. అదే తర్కం ఇంట్లోనూ చేయవచ్చు. వారం తర్వాత తెల్లగుడ్డ తడిపి అడుగుభాగాన్ని ఇరవైసార్లు రుద్దండి, పట్టీని ఒకేచోట యాభైసార్లు మడవండి. గుడ్డకు రంగొస్తే పైపూత చాల్లేదు. మడతలో తెల్లగీతలు పడితే పూత మందమైంది. పెచ్చుగా ఊడి వెనకవైపు శుభ్రంగా ఉంటే కింద పట్టు లేదని అర్థం, అది పైనుంచి సరిచేసేది కాదు, ఆ ప్యానెల్ అంతా తీసి మళ్లీ వేయాల్సిందే.

కొన్నిటి జోలికి పోకపోవడమే మంచిది. పొట్టు రాలుతున్న రెగ్జిన్‌లో పాలీయురేథేన్ పొర గాలిలోని చెమ్మకే కుళ్లిపోతోంది, దాని మీద వేసిన ఏ పెయింటైనా దాంతోపాటే రాలుతుంది. అద్దంలా మెరిసే పేటెంట్ తోలు డైని తీసుకోదు. గరుకు చేసి పెయింట్ వేస్తే నిలుస్తుంది గాని దాని అందమైన ఆ మెరుపు తిరిగి రాదు. తిరిగి అమ్మాలనుకునే ఖరీదైన బ్రాండ్ బ్యాగుకు ఇంటి పెయింట్ పడితే ధర పడిపోతుంది.

మిగిలిన పెయింట్ పది మిల్లీలీటర్లయినా గాలి చొరని చిన్న గాజుసీసాలో దాచి, ఏ రంగు ఎన్ని పాళ్లు కలిపారో దాని మీద రాసిపెట్టండి. మొదట అరిగేవి అడుగు మూలలు నాలుగూ, హ్యాండిల్ వంపూ. అక్కడ లేత మచ్చ కనబడగానే ఆల్కహాల్‌తో తుడిచి, ఒక పూత రంగు, ఒక పైపూత అద్దితే పని పది నిమిషాల్లో తెములుతుంది. పగులు పక్కకు పాకేదాకా ఆగితే ప్యానెల్ మొత్తం మళ్లీ వేయాల్సి వస్తుంది.